ఆ పిచ్చుక పేరేమిటి?



ఉద్దానంలో జీడి, మామిడి పూతకొచ్చాయి. తెల్లవారక ముందే కోయిల కూస్తోంది. మన ఇళ్లల్లో మాత్రం మాటలన్నీ పరీక్షల చుట్టూనే. ఈ సమయంలో పిల్లలు ఏదో పిట్టను చూపించి పేరడిగితే, ముందు పుస్తకం తియ్యమంటాం. అలాంటి ఒక ప్రశ్నతోనే మొదలైన జీవితం సలీం అలీది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. పదేళ్ల వయసులో బొమ్మ ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో మామయ్యకూ తెలియలేదు. అయినా అంతటితో వదిలెయ్యకుండా, పిల్లవాణ్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పిట్ట పేరు చెప్పడమే కాదు, సొరుగులు తెరిచి దాచి ఉంచిన పక్షులన్నీ చూపించారు. ఆ పిల్లవాడి దారి ఆ రోజే మారింది.

దారి సాఫీగా మాత్రం సాగలేదు. కాలేజీ చదువు మధ్యలో ఆగింది. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు జంతువుల గురించి, పక్షుల గురించి చెప్పే గైడ్ లెక్చరర్ పని దొరికింది. బెర్లిన్‌లో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి ఆ పనీ లేదు.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే, కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో, ఇంటి దగ్గర కట్టిన గిజిగాడు గూళ్లను నెలల తరబడి గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, చూసి, దానికి నచ్చితేనే మగపిట్ట మిగతాది పూర్తి చేస్తుంది. ఆ తర్వాత మగపిట్ట మరో గూడు మొదలుపెడుతుంది. మన తాటిచెట్లకు వేలాడే గూళ్ల కథ కూడా ఇదే. ఈ పరిశీలనే ఆయనకు పేరు తెచ్చింది.

తర్వాత నిజాం హైదరాబాదు రాష్ట్రంలో పక్షుల సర్వే చేశారు. అడవుల్లో డేరాల్లో ఉంటూ సాగిన ఆ పనిలో భార్య తెహ్మినా తోడున్నారు. 1941లో వచ్చిన ఆయన పుస్తకం సామాన్యులకు పిట్టల పేర్లు నేర్పింది. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

ఆ మామయ్యకు జవాబు తెలియదు. తెలిసినవారి దగ్గరికి పంపాలని తెలుసు. మనకూ అంతే చాలు.

ఈ ఆదివారం పొద్దున్నే పిల్లలతో టెక్కలి పక్కనున్న తేలినీలాపురం వెళ్లండి. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరులో వచ్చి వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి. తరతరాలుగా వాటిని కాపాడుకుంటున్న ఊరది. కాబట్టి కేకలు, హారన్లు వద్దు. ఫోన్ జేబులో పెట్టి, పది నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. ఎన్ని రకాల గొంతులు వినిపించాయో పిల్లల్నే రాయమనండి. పేరు తెలియని పిట్ట ఎదురైతే, ఇద్దరం కలిసి కనుక్కుందామని చెప్పండి.