సేవాలాల్ కథను పుస్తకం దాయలే, పాట దాచింది

ఫిబ్రవరి 15 వస్తే మన సీమ తండాల్లో సేవాలాల్ జయంతి జోరుగా చేస్తారు. ఫ్లెక్సీలు లేస్తాయి, తెల్లజెండాలు ఎగురుతాయి. అయితే ఆ మనిషి ఎట్ల బతికినాడు అని అడిగితే శానామంది పిల్లోళ్లు నీళ్లు నములుతారు. తండా బయటోళ్లకైతే పేరు గూడా తెలీదు. ఆయన యాడనో దూరాన పుట్టినోడు కాదు. గుత్తి పక్కన గొల్లలదొడ్డి కాడ 1739లో పుట్టినాడని మన తండాలన్నీ నమ్ముతాయి. ఆ తావునే ఇప్పుడు సేవాగఢ్ అంటాండారు.

నాయన భీమా నాయక్, అమ్మ ధర్మిణి. వాళ్లది సేద్యం బతుకు కాదు, ఎద్దుల బతుకు. సముద్రం దిక్కునుంచి ఉప్పు, పల్లెలనుంచి ధాన్యం ఎద్దుల వీపులమీద ఏసుకుని నెలల తరబడి నడిచేటోళ్లు. లారీలు, రైళ్లు లేని కాలంలో దేశానికి సరుకు మోసింది వాళ్లే. 1792లో టిప్పు మీదికి శ్రీరంగపట్నం పోయిన ఇంగ్లీషు సైన్యానికి గూడా లంబాడీల ఎద్దులే తిండిగింజలు చేర్చినాయి.

సేవాలాల్ చిన్నప్పుడు ఆవులు మేపినాడు. మేరామా యాడి తన భక్తునిగా రమ్మంటే మొదట ఒప్పుకోలేదని, కష్టాలమీద కష్టాలు పడినాక సరే అన్నాడని తండాల్లో కథ. పెండ్లి చేసుకోలేదు. తండా తండా తిరిగి అబద్ధమాడొద్దని, దొంగతనం చేయొద్దని, సారాయి ముట్టొద్దని, ఆవుల్ని, అడవిని కాపాడుకోమని చెప్పినాడు. ముందుముందు నీళ్లు అమ్ముకునే కాలం వస్తాదని గూడా చెప్పినాడంట. బిందెకింతని నీళ్లు కొనుక్కునే మన సీమలో ఆ మాట ఈ పొద్దు విన్నా గుచ్చుకుంటాది. 1806లో మహారాష్ట్ర దిక్కు కన్నుమూసినాడు. సమాధి వాశిం జిల్లా పోహ్రాదేవిలో ఉండాది.

ఆయన పోయినాక జాతికి గడ్డుకాలం వచ్చింది. 1871 నాటికి మన కడప, గుత్తి మీదుగా మద్రాసు - రాయచూరు రైలు నడిచింది. ఎద్దుల బేరం కూలిపోయింది. అదే ఏడు తెల్లోళ్లు ఉత్తరాదిలో నేరస్తుల తెగల చట్టం తెచ్చినారు, 1911లో దాన్ని మద్రాసు దిక్కుకూ చాపినారు. నిన్నటిదాకా సైన్యానికి గింజలు మోసినోళ్ల మీద పుట్టుకతోనే దొంగలనే ముద్ర పడింది. 1952లో చట్టం పోయింది. చూసేటోళ్ల కండ్లలో ఆ అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇట్లాంటి కథే యూరప్‌లో రోమా జనానిది. వాళ్ల పెద్దలు సుమారు వెయ్యేండ్ల కింద మన దేశంనుంచే పోయినారని భాష చెప్తాది. వాళ్లు నీళ్లను పాని అంటారు, ముక్కును నాక్ అంటారు. మన లంబాడీ అవ్వకు ఈ మాటలు ఎవరూ తర్జుమా చేసి చెప్పే పనిలేదు. రెండూ ఒకే జాతి అని భాష ఒక్కటే తేల్చలేదు గాని, పడిన పాట్లు మాత్రం ఒకటే. రుమేనియా దిక్కు రోమాల్ని 1850ల దాకా బానిసలుగా అమ్మినారు. హిట్లర్ కాలంలో లక్షలమందిని చంపినారు. అయినా పాట ఇడ్సలేదు. బండిలో పుట్టిన జాంగో రైన్‌హార్ట్ 1928లో అగ్గిలో చెయ్యి కాలి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్లతోనే గిటార్ వాయించి లోకాన్ని ఊపినాడు. 1971లో రోమాలు లండన్ కాడ మొదటి మహాసభ పెట్టుకుని, ఒక పాటను జాతిగీతంగా, చక్రం ఉండే జెండాను తమ జెండాగా ఎంచుకున్నారు.

మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. సేవాలాల్ బతుకంతా భోగ్ పెట్టేటప్పుడు నంగారా కొట్టి పాడే పాటల్లోనే నిలబడింది. ఆ పాట తెలిసిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే పోతాండారు. జయంతి నాడు డీజే పెడితే తప్పేం లేదు. గాని ఆ డీజే మోతలో అవ్వ గొంతు మునిగిపోతే సేవాలాల్ మనకు ఫ్లెక్సీమీద బొమ్మగా మిగుల్తాడు. ఫోను అందరి చేతిలో ఉండాది. వచ్చే ఫిబ్రవరి దాకా ఆగాల్సిన పనిలేదు. ఈ వారమే అవ్వ పక్కన కూర్చుని పాడమని అడిగి రికార్డు చేయండి. పాటలో వచ్చే ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు తెలుగు అక్షరాల్లోనైనా రాసిపెట్టండి.