మూడవ సయాజీరావు గైక్వాడ్

మూడవ సయాజీరావు గైక్వాడ్ (1863 మార్చి 11 - 1939 ఫిబ్రవరి 6) బరోడా సంస్థానాన్ని పరిపాలించిన మహారాజు. భారతదేశంలో ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్యను ఒక ప్రభుత్వ విధానంగా అమలు చేసిన తొలి పాలకులలో ఈయన అగ్రగణ్యుడు. గ్రంథాలయోద్యమానికి, సాంకేతిక విద్యకు, సంఘ సంస్కరణకు కూడా విశేషమైన ప్రోత్సాహమిచ్చాడు.

బాల్యం

సయాజీరావు అసలు పేరు గోపాలరావు. నేటి మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాకు చెందిన కవ్లానా గ్రామంలో, ఒక సాధారణ రైతు కుటుంబంలో, కాశీరావు, ఉమాబాయి దంపతులకు జన్మించాడు. ఈ కుటుంబం గైక్వాడ్ రాజవంశానికి దూరపు శాఖ. 1875లో బ్రిటిషు ప్రభుత్వం బరోడా పాలకుడైన మల్హారరావును పదవీచ్యుతుణ్ణి చేసింది. అంతకుముందు పాలించిన ఖండేరావు భార్య జమ్నాబాయి అదే సంవత్సరం మే నెలలో గోపాలరావును దత్తత తీసుకొని, సయాజీరావు అని నామకరణం చేసింది.

సింహాసనానికి ఎంపికైన నాటికి పన్నెండేళ్ళ ఆ బాలునికి చదవటం గాని, వ్రాయటం గాని రాదు. ఎఫ్.ఎ.హెచ్. ఇలియట్ పర్యవేక్షణలో మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లీషు భాషలను నేర్చుకున్నాడు. దివాను టి. మాధవరావు వద్ద పరిపాలనా విషయాలను గ్రహించాడు. 1881 డిసెంబరులో పూర్తి అధికారాలను స్వీకరించాడు.

నిర్బంధ ప్రాథమిక విద్య

చదువు లేని రైతు కుటుంబం నుండి వచ్చిన సయాజీరావు, ప్రజల విద్యయే సంస్థాన అభివృద్ధికి పునాది అని విశ్వసించాడు. 1893లో అమ్రేలీ పట్టణంలోను, దాని పరిసర గ్రామాలలోను ఉచిత నిర్బంధ విద్యను ప్రయోగాత్మకంగా ప్రారంభించాడు. 7 నుండి 12 సంవత్సరాల వయసు గల బాలురు, 7 నుండి 10 సంవత్సరాల వయసు గల బాలికలు బడికి రావాలన్నది నిబంధన. పిల్లలను పంపని తల్లిదండ్రులకు జరిమానా విధించేవారు.

1899-1900 నాటి మహాక్షామం గుజరాతును తీవ్రంగా దెబ్బతీసింది. 1891లో 24 లక్షలకు పైగా ఉన్న బరోడా జనాభా 1901 జనాభా లెక్కలలో 20 లక్షలకన్న తక్కువకు పడిపోయింది. అట్టి కష్టకాలం ముగిసిన కొద్ది సంవత్సరాలకే, 1906లో, నిర్బంధ విద్యను సంస్థానమంతటికీ విస్తరించే చట్టం అమలులోకి వచ్చింది.

ఈ చర్య బ్రిటిషు ఇండియాలోనూ చర్చకు దారితీసింది. గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ శాసనసభలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టినప్పుడు బరోడా అనుభవాన్ని ఉదాహరణగా చూపాడు. ఆ బిల్లు 1912 మార్చిలో 13కు 38 ఓట్లతో తిరస్కరించబడింది.

గ్రంథాలయాలు, సాంకేతిక విద్య

నాలుగైదేళ్ళ చదువుతో బడి మానిన పిల్లలు, తరువాత చదవటానికి పుస్తకాలు లేక అక్షరాలను మరచిపోవటం ఒక సమస్యగా కనిపించింది. దీనికి పరిష్కారంగా సయాజీరావు 1910లో అమెరికాకు చెందిన విలియం అలాన్సన్ బోర్డెన్‌ను రప్పించి, గ్రంథాలయ శాఖను నెలకొల్పాడు. బరోడాలో కేంద్ర గ్రంథాలయం, గ్రామాలకు పుస్తకాల పెట్టెలను పంపే సంచార గ్రంథాలయాలు వెలిశాయి. ఆ శాఖకు అధిపతిగా పనిచేసిన జె.ఎస్. కుడాల్కర్, అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1919లో మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించాడు. ఆ విధంగా బరోడా ప్రయోగానికి ఆంధ్ర గ్రంథాలయోద్యమంతో సంబంధం ఏర్పడింది.

1890లో టి.కె. గజ్జర్ నేతృత్వంలో కళాభవన్ అనే సాంకేతిక విద్యాలయం ప్రారంభమైంది. అద్దకం, యంత్రవిద్య వంటి విషయాలను గుజరాతీ మాధ్యమంలో బోధించటం దీని ప్రత్యేకత. భారతీయ చలనచిత్ర పితామహుడు దాదాసాహెబ్ ఫాల్కే ఇక్కడి విద్యార్థియే.

అంటరాని కులాల విద్య

సయాజీరావు అంటరాని కులాల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలను తెరిపించాడు. వాటిలో పనిచేయటానికి సవర్ణ హిందూ ఉపాధ్యాయులు ముందుకు రాకపోవటంతో ముస్లిం ఉపాధ్యాయులను నియమించవలసి వచ్చింది. 1913లో బి.ఆర్. అంబేద్కర్‌కు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవటానికి మూడు సంవత్సరాల పాటు నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనం మంజూరు చేశాడు. ఒప్పందం ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరిన అంబేద్కర్, కులం కారణంగా నగరంలో నివాసం దొరకక కొద్ది రోజులకే వెళ్ళిపోవలసి వచ్చింది. పాలకుడు చదువు చెప్పించగలిగినా, సమాజం ఆ చదువుకు తగిన స్థానమివ్వలేదని ఈ సంఘటన తెలుపుతుంది.

పరిమితులు

చట్టం ఉన్నంత మాత్రాన పిల్లలందరూ బడికి రాలేదు. పొలం పనులకు పిల్లలపై ఆధారపడిన పేద కుటుంబాలలో కొందరు జరిమానా చెల్లించి పిల్లలను పనికే పంపేవారు. బాల్య వివాహాలు బాలికల చదువుకు ఆటంకమయ్యాయి. 1904లో బాల్య వివాహ నిరోధక చట్టం చేసినప్పటికీ ఆ ఆచారం వెంటనే తొలగిపోలేదు. మహారాజు దీర్ఘకాలం విదేశాలలో గడపటంపై కూడా విమర్శలు వచ్చాయి.

మరణం, వారసత్వం

సయాజీరావు 1939 ఫిబ్రవరి 6న బొంబాయిలో మరణించాడు. 1949లో బరోడా సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. 1881లో ప్రారంభమైన బరోడా కళాశాల అదే సంవత్సరం మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంగా రూపొందింది. స్వతంత్ర భారతదేశంలో 6 నుండి 14 సంవత్సరాల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా ప్రాథమిక హక్కుగా గుర్తించబడి, 2010 ఏప్రిల్ 1 నుండి చట్టరూపంలో అమలులోకి వచ్చింది. అమ్రేలీ ప్రయోగం మొదలై అప్పటికి 116 సంవత్సరాలు దాటాయి.