సవ్యసాచి తకాచ్

భారతకథలో మరువరాని విలుకాండ్రు ఇద్దరు కలరు. ఒకడు అర్జునుడు. రెండు చేతులతోను గాండీవమును ఎక్కుపెట్టగలవాడగుటచే అతనికి సవ్యసాచి యను పేరు వచ్చెను. రెండవవాడు ఏకలవ్యుడు. గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని కోసి యిచ్చిన పిమ్మట అతడు మిగిలిన వ్రేళ్లతో బాణములు వేయుచునే యుండెను గాని, మునుపటి హస్తలాఘవము మాత్రము లేకపోయెనని ఆదిపర్వము చెప్పుచున్నది. సంస్కృతమున సవ్యమనగా ముఖ్యముగా ఎడమ అని అర్థము. తెలుగు వాడుకలో ఆ మాటయే సరియైనది, క్రమమైనది అను అర్థమునకు మారినది. ఎడమకు చెందిన మాటను గూడ కుడికి చేర్చుకొన్న లోకము, పనిముట్లను కుడిచేతి కొరకే చేసికొనుటలో వింత లేదు. అట్టి లోకమున కుడిచేతి బలమును పోగొట్టుకొని, ఎడమచేత పిస్తోలు పట్టి, హస్తలాఘవమునకే పరీక్షయైన పోటీలో రెండు పర్యాయములు ఒలింపిక్ స్వర్ణపతకమును గెలుచుకొన్న ఒక హంగరీ సైనికుని చరిత్ర యిది.

అతని పేరు తకాచ్ కారోయ్. హంగరీవారు తెలుగువారివలెనే ఇంటిపేరును ముందుంచి చెప్పుకొందురు. ఆంగ్లాక్షరముల ననుసరించి కరోలీ టకాక్స్ అని వ్రాయుటయు కలదు గాని, స్వదేశమున ఆ పేరు పలుకు తీరు తకాచ్ అనియే. వారి భాషలో ఆ మాటకు నేతగాడని అర్థము. 1910వ సంవత్సరము జనవరి 21వ తేదీన బుడాపెస్టు నగరమున అతడు జన్మించెను. యౌవనమున సైన్యమునందు చేరి సార్జెంటు పదవి నందెను. పిస్తోలు గురిలో క్రమముగా ఆరితేరి, 1936 నాటికి ప్రపంచమందలి మేటి గురికాండ్రలో ఒకడుగా ఎన్నదగినవాడయ్యెను.

ఆ యేడు బెర్లిను నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. తకాచ్ అందు పాల్గొనుటకు అన్నివిధముల అర్హుడు. కాని హంగరీ సైన్యమున ఒక నియమ ముండెను. కమిషను పొందిన అధికారులకే గాని సార్జెంటులకు జట్టులో చోటు లేదు. గురి ఎంత సూటిగ నున్నను భుజముపై నున్న గుర్తు చిన్నదగుటచే అతడు ఇంటనే నిలిచిపోయెను. ఆ క్రీడలు ముగిసిన తరువాత ఆ నియమమును తొలగించిరి. 1940వ సంవత్సరపు క్రీడలు టోక్యోలో జరుగునని నిర్ణయమై యుండెను. తకాచ్ దృష్టి యంతయు ఆ సంవత్సరముపై నిలిచెను.

అతడు సాధన చేయుచుండిన పోటీ ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు, అనగా వేగముగా పేల్చు పిస్తోలు పోటీ. దూరము 25 మీటర్లు. ఎదుట ఐదు లక్ష్యములు వరుసగా నిలిచి యుండును. అవి ఒక్కసారి గురికానివైపు తిరుగును. అంతవరకు క్రిందికి వంచియుంచిన చేతిని అప్పుడే పైకెత్తి, ఒక్కొక్క లక్ష్యమునకు ఒక్కొక్క గుండు చొప్పున ఐదింటిని కొట్టవలెను. అందులకు మొదట 8 సెకండ్లు, పిమ్మట 6, తుదకు 4 సెకండ్లు మాత్రమే గడువు. ఇట్లు మొత్తము 60 గుండ్లు; పూర్ణాంకములు 600. నాలుగు సెకండ్లలో ఐదు గురులు చూచువానికి ఆలోచించుటకు వ్యవధి యుండదు. చేయి తనంతట తానే లేచి, తనంతట తానే నిలువవలెను. ఏండ్ల తరబడి చేసిన అభ్యాసమే ఆ చేతికి ఆధారము.

అట్టి చేయి 1938లో చెడిపోయెను. సైనిక శిక్షణ జరుగుచుండగా లోపముగల చేతిబాంబు ఒకటి తకాచ్ కుడిచేతిలోనే ప్రేలెను. ఆ చేయి ఛిద్రమయ్యెను. ఒక నెల దినములు అతడు ఆసుపత్రిలో నుండెను. అతని వయస్సు అప్పటికి 28 సంవత్సరములు. అధికారుల నియమము అడ్డు తొలగిన వెంటనే శరీరమే అడ్డుపడెను. లోకము దృష్టిలో అతని గురి విద్య అంతటితో ముగిసినట్లే.

ఆసుపత్రినుండి వెలువడిన తకాచ్ ఎవరికిని చెప్పకుండ ఎడమచేతితో సాధన మొదలిడెను. ఇది ఎంత కష్టమైన పనియో గ్రహింపవలెనన్న పిస్తోలు నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. సెమీ ఆటోమాటిక్ పిస్తోలు ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారి ఒక్క గుండునే పేల్చును. పేలుడు బలమునకు వెనుకకు జరుగు భాగము ఖాళీయైన తూటా తొడుగును వెలుపలికి విసరివేసి, మరల ముందునకు వచ్చునప్పుడు మాగజీనులోని క్రొత్త తూటాను గొట్టములోనికి త్రోయును. గురికాడు చేయవలసినది గురి చూచుట, ట్రిగ్గరు నొక్కుట మాత్రమే. వేగపు పోటీకి అది తగిన ఆయుధమగుటకు కారణ మిదియే.

ఐతే ఈ యంత్రము సామాన్యముగా కుడిచేతివానిని తలచి చేసినది. ఖాళీ తొడుగు కుడివైపునకు ఎగురును. కుడిచేత పట్టినవానికి అది దేహమునకు దూరముగా పోవును; ఎడమచేత పట్టినవానికి కన్నులముందుగా తన దేహమువైపునకే వచ్చును. సేఫ్టీ మీట, మాగజీనును విడుదల చేయు బొత్తాము సాధారణముగా పిస్తోలుకు ఎడమప్రక్కన ఉండును. కుడిచేతి బొటనవ్రేలు సులభముగా వానిమీద పడును. ఎడమచేతివానికి అవి అవతలిప్రక్క నున్నట్లు కాక, తన చూపుడువ్రేలి వైపున పడును. కావున బొటనవ్రేలు చేయవలసిన పనిని చూపుడువ్రేలికి నేర్పవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది పిడి. పోటీ పిస్తోలు పిడిని అరచేతి గుంటకు సరిపడు ఉబ్బుతోను, బొటనవ్రేలికి ఆనుగా నిలుచు అంచుతోను చెక్కుదురు. కుడిచేతికి చెక్కిన పిడి ఎడమచేతిలో ఇమడదు. ఎడమకాలికి కుడికాలి చెప్పు తొడిగినట్లుండును.

కావుననే ఎడమచేతివాడు పిస్తోలు ఎన్నుకొనునప్పుడు వెల, వన్నె చూచుటకు ముందు పిడిని పరీక్షింపవలెను. అది ఎడమచేతికి ప్రత్యేకముగా చెక్కినదైనను కావలెను, రెండు చేతులకును సమముగా అమరునదైనను కావలెను. తరువాత మీటలు తన వ్రేళ్లకు అందునో లేదో, తొడుగు ఎగురు త్రోవ తన చూపును చెదరగొట్టునో లేదో చూడవలెను. నేడు రెండు ప్రక్కల మీటలు గల పిస్తోళ్లు, ఎడమచేతి పిడులు దొరకుచున్నవి. ఇవిగాక కంటి సమస్య యొకటి కలదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కన్ను ప్రధానమై యుండును. కుడికన్ను ప్రధానమైనవాడు ఎడమచేత గురి చూడవలసివచ్చినచో తలను గాని, మణికట్టును గాని క్రొత్త రీతిగా అమర్చుకొనవలెను.

తకాచ్ ఎదుట నున్న పని ఇంత పెద్దది. పుట్టుకతో ఎడమచేతి వాటముగలవానికి కనీసము తన చేతిపై నమ్మకముండును. ఇతనికి అదియు లేదు. 28 సంవత్సరములు పెద్దగా పనిచేయని చేతికి ఊపిరితో కూడ నిశ్చలముగా నిలుచుట, వ్రేలిని ఒంటిగా కదలించుట మొదలైన ఓనమాలు మరల నేర్పవలసివచ్చెను. ఐనను అతనికి ఒక మూలధనము మిగిలియుండెను. ఎప్పుడు నొక్కవలెనో, ఎప్పుడు నొక్కరాదో తెలిసిన వివేకము అతని కుడిచేతితో పోలేదు. ఒక చేత నేర్చిన విద్యలో కొంత భాగము రెండవ చేతికిని సంక్రమించునని మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగములచే కనుగొనిరి. ఆ కొంత భాగమును ఆధారము చేసికొని తక్కినదంతయు అతడు సాధనచే సంపాదించెను.

1939 వసంతకాలమున హంగరీ జాతీయ పిస్తోలు పోటీలు జరుగుచోటికి తకాచ్ వచ్చెను. తోడి గురికాండ్రు అతనిని చూచి, ఇంత కష్టము పైబడినను తమ పోటీని చూడవచ్చినాడని మెచ్చుకొని ఓదార్చిరట. తాను చూచుటకు గాక పోటీచేయుటకే వచ్చితినని అతడు తెలిపినప్పుడు వారు విస్తుపోయిరని చెప్పుదురు. ఆ పోటీలో అతడే గెలిచెను. ఆ సంవత్సరమే ప్రపంచ పోటీలలో ప్రథమస్థానము పొందిన హంగరీ పిస్తోలు జట్టులో అతడును ఒకడయ్యెను.

చేయి సిద్ధమయ్యెను గాని కాలము సిద్ధముగా లేకపోయెను. జపాను చైనాతో యుద్ధమున మునిగియుండి 1940 క్రీడలను నిర్వహింపజాలనని 1938లోనే వదలుకొనెను. క్రీడలు ఫిన్లండు రాజధాని హెల్సింకికి మారెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము చెలరేగుటచే అవియు ఆగిపోయెను. 1944లో లండనులో జరుగవలసిన క్రీడలకును అదే గతి పట్టెను. గురికానికి మంచి వయస్సనదగిన కాలమంతయు యుద్ధమునకు ఆహుతియయ్యెను. ఏ పోటీయు కనుచూపు మేరలో లేకున్నను ఆ యెడమచేతిని చెడనీయకుండ కాపాడుకొనుట, బహుశా దానికి మొదట గురి నేర్పుటకంటెను కష్టమైన పని.

1948లో క్రీడలు లండనుకు వచ్చెను. గురి పోటీలు ఆ నగరమునకు కొంత దూరమున బిస్లీయందు జరిగెను. తకాచ్ వయస్సు 38 సంవత్సరములు. అందరును గెలుచునని తలచిన వీరుడు అర్జెంటీనా దేశీయుడు కార్లోస్ సాయెన్స్ వలియెంతె. అతడు 1947 ప్రపంచ విజేత. పోటీకి ముందు అతడు తకాచ్‌ను చూచి, లండను వచ్చిన పని యేమని అడుగగా, నేర్చుకొనుటకు వచ్చితినని తకాచ్ బదులు చెప్పెనట. 60 గుండ్లును లక్ష్యములకు తగిలి తకాచ్‌కు 580 అంకములు లభించెను. అంతవరకున్న ప్రపంచ రికార్డును అది 10 అంకములు మించినది. 571 అంకములతో వలియెంతె ద్వితీయుడయ్యెను. తకాచ్ నేర్వవలసినంతయు నేర్చినాడని ఓడిన వీరుడే నిండుమనస్సుతో ఒప్పుకొనెనని ప్రతీతి.

నాలుగేండ్లకు క్రీడలు హెల్సింకిలో జరిగెను. యుద్ధము మ్రింగివేసిన క్రీడలు రెండును జరుగవలసిన నగరములు లండను, హెల్సింకియే. వాటిలోనే కాలము అతనికి బాకీ తీర్చినది. 1952లో అతని అంకములు 579. ఒక్క అంకమే తక్కువగా, 578తో ద్వితీయస్థానము పొందిన సిలార్డ్ కున్ హంగరీ బాలుడు; వయస్సు 17 సంవత్సరములు; తకాచ్ వద్ద శిక్షణ పొందినవాడు. గురువు ఒక్క గుండు ఏమరియున్నచో శిష్యునిచేత ఓడియుండెడివాడు. ఏకలవ్యుని గురువు శిష్యుని వ్రేలి నడిగెను. ఈ గురువు తాను కుడిచేతి బలమును పోగొట్టుకొని నేర్చిన విద్యను శిష్యునికి దాచక యిచ్చి, అతని ప్రక్కనే నిలిచి పోటీచేసెను. ఆ పోటీలో రెండు స్వర్ణపతకములు గెలిచినవారిలో తకాచ్ మొదటివాడు. 1956లో మెల్‌బోర్ను నగరమునకును వెళ్లి, 46వ యేట ఎనిమిదవ స్థానము నందెను. స్వదేశమున అతడు గెలిచిన జాతీయ విజయములు 35.

సార్జెంటగుటచే ఒకప్పుడు జట్టునుండి త్రోసివేయబడినవాడు లెఫ్టినెంటు కర్నలుగా సైన్యమునుండి విరమించెను. తరువాత యువకులకు శిక్షణ యిచ్చుచు 1976 జనవరి 5వ తేదీన బుడాపెస్టునందే మరణించెను.

ఈ జీవితమును చదువు విద్యార్థి పట్టుదలను మెచ్చుకొనును. మెచ్చుకొనవలసినదే. ఉపాధ్యాయుడు దీనియందు మరియొక దానిని గూడ చూడదగును. తకాచ్‌కు ఎడమచేయి విధి విధించినది. తరగతిలో ప్రకృతియే ఎడమచేతినిచ్చిన పిల్లలు కొందరు ఎప్పుడును ఉందురు. వారు పలక పట్టినప్పుడు చేతిపై కొట్టి కలమును కుడిచేతికి మార్చిన కాలము మనకు దూరమైనది కాదు. వ్రాతబల్ల, కత్తెర, పిస్తోలు, అన్నియు కుడిచేతివారి కొరకే చేసియుండగా, ఆ పిల్లవాడు తడబడుట చేతిలోపము కాదు, పనిముట్టు లోపము. అట్టివానికి కలము ఎడమచేతనే యుండనిచ్చి, కాగితమును కొంచెము కుడివైపునకు వాల్చుకొనుట నేర్పినచో చాలును. అక్షరములు తామే చక్కబడును.