రహీం మాస్టారి మైదానం

1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పగానే అందరికీ ఫుట్‌బాల్ కోచ్ గుర్తొస్తారు. మా దృష్టిలో ఆయన ముందుగా బడిపంతులు. హైదరాబాద్‌లోని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో డిగ్రీ పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. ఇంటి భాషలో చదివితే పిల్లలు వెనకబడతారని దిగులుపడే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

కాడుగోడిలో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు కాలేజీలో చేరగానే కన్నడ, ఇంగ్లిష్, హిందీల మధ్య కొన్నాళ్లు నోరు మెదపరు. అలాంటివాడు జట్టులో చేరితే మాట్లాడక తప్పదు, బంతి అడగక తప్పదు. చదువు పాడవుతుందని ఆట మాన్పించబోయే తల్లిదండ్రులకు అందుకే మేము రహీం కథ చెబుతుంటాం.

ఆయన హైదరాబాద్‌లో వింత పోటీలు పెట్టేవారు. వాటిలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే దూసుకుపోవడానికి వీల్లేదు, అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. కుర్రాళ్లకు మరో పోటీ: అలవాటు లేని కాలితోనే తన్నాలి! ఒంటరిగా మెరవాలనే ఆరాటం తగ్గడానికి, బలహీనతను దాచుకోకుండా సరిదిద్దుకోవడానికి ఇంతకన్నా తేలికైన పాఠం మాకు బీఈడీలోనూ దొరకలేదు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఏషియాడ్‌లో ఆయన శిక్షణలోనే భారత్‌కు స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో మన బెంగళూరు కెంపయ్య కూడా ఉన్నారు.

1962 జకార్తా ఏషియాడ్ నాటికి రహీంను క్యాన్సర్ తినేస్తోంది. జట్టులో బెంగాల్ నుంచి చునీ గోస్వామి, పీకే బెనర్జీ, పంజాబ్ నుంచి జర్నైల్ సింగ్, సికింద్రాబాద్ నుంచి బలరాం ఉన్నారు. అందరి ఇంటి భాష ఒకటి కాదు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా జర్నైల్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన ఆడే చోటు వెనక, రక్షణ వరుసలో. రహీం ఆయన్ను ముందుకు పంపి గోల్స్ కొట్టే బాధ్యత అప్పగించారు. తన చోటు కోసం ఆయన పట్టుబట్టలేదు. సెమీఫైనల్లో గోల్ కొట్టారు, ఫైనల్లోనూ కొట్టారు. రాజకీయ కారణాలతో మనమీద కోపంగా ఉన్న ప్రేక్షకులు హోరెత్తిస్తుండగా అదే దక్షిణ కొరియాపై భారత్ 2-1తో నెగ్గింది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. ఏషియాడ్ పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.