లార్డు కన్నెమరా

చెన్నపట్టణమున ఎగ్మూరునందలి కన్నెమరా గ్రంథాలయము పేరు విననట్టి పుస్తకప్రియుడు అరుదు. ఆ పేరు ధరించిన పురుషుని చరిత్ర నెరిగినవారు మాత్రము బహు కొద్దిమంది.

ఆయన అసలు నామము రాబర్టు బర్కు. 1827లో ఐర్లాండు దేశమున, మేయో ప్రభువుల వంశమున జన్మించెను. జ్యేష్ఠపుత్రుడు కానందున వంశపు బిరుదు ఆయనకు రాలేదు. కావున న్యాయశాస్త్రము నభ్యసించి 1852లో బారిస్టరయ్యెను. 1863లో, హిందూదేశ గవర్నరు జనరలుగా నుండిన డల్హౌసీ ప్రభువు కుమార్తెను వివాహమాడెను. వైస్రాయి పదవిలో నుండగా 1872లో అండమానులందు హతుడైన మేయో ప్రభువు ఈయనకు అన్నగారు.

1868లో కన్సర్వేటివు పక్షమున కింగ్స్‌లిన్ పట్టణము నుండి పార్లమెంటునకు ఎన్నికై, 1886 వరకు సభ్యుడుగా నుండెను. 1874లో డిజ్రేలీ ప్రభుత్వమున విదేశాంగ ఉపకార్యదర్శి అయ్యెను. ఆ శాఖామంత్రి ప్రభువుల సభలో నుండుటచే, సామాన్యుల సభలో సమాధానములు చెప్పు భారము ఈయనపై బడెను. 1877-78లో రష్యా, తురుష్క రాజ్యములకు యుద్ధము జరుగుచుండగా ఆ భారము స్వల్పము కాదు. నిర్ణయము చేయువారొకరు, జవాబు చెప్పుకొనువాడు వేరొకరు. 1881లో తురుష్క ప్రభుత్వమునకు అప్పిచ్చిన ఋణదాతల పక్షమున కాన్‌స్టాంటినోపిలునకేగి, బాకీల పరిష్కారమున పాల్గొనెను.

1886 డిసెంబరులో మద్రాసు గవర్నరుగా వచ్చెను. మరుసటి యేడు, ఐర్లాండు పడమటి సీమయగు కన్నెమరా పేరిట ప్రభుబిరుదము నొందెను. రాజధాని యందే కూర్చుండక విరివిగా పర్యటించెను. తెలుగువారును ఓఢ్రులును నివసించు గంజాము మండలము 1889లో కరవుచే క్రుంగినపుడు స్వయముగా అచ్చటికి వెళ్లెను. 1890 మార్చి 22వ తేదీన గ్రంథాలయమునకు శంకుస్థాపన చేసెను. ఆ యేడే గృహకలహము న్యాయస్థానమున కెక్కి వివాహము రద్దయ్యెను. సంవత్సరాంతమున ఆయన పదవి వీడి స్వదేశమునకు మరలెను.

భవనము పూర్తియై 1896 డిసెంబరు 5వ తేదీన తలుపులు తెరచునాటికి గవర్నరు వేరొకరు. 1902లో కన్నెమరా ప్రభువు పరమపదించెను. సంతానము లేనందున బిరుదము ఆయనతోనే అంతరించెను.

గ్రంథాలయము మాత్రము నిలిచినది. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము ననుసరించి, 1950లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయ్యెను. దేశమున అచ్చగు పుస్తకముల ప్రతులు చేరవలెనని 1954 నాటి చట్టము విధించిన నాలుగు గ్రంథాలయములలో ఇది యొకటి. తెలుగు గ్రంథములకును అందు చోటు కలదు. పార్లమెంటులో పదునెనిమిది ఏండ్లు ఆయన పలికిన పలుకులు నేడెవరికిని జ్ఞప్తి లేవు. తాను తలుపు తెరువని గ్రంథాలయము వలననే ఆయన పేరు నేటికిని చదువరుల నోట నిలిచియున్నది.