రహీం సార్ దారి

మా కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా బాగా ఆడే ప్రతి పిల్లగానికీ ఈ డౌట్ వస్తుంది. పెద్ద టీమ్ ఉన్న కాలేజీలో చేరి బెంచ్ మీద కూర్చోవాలా, చిన్న కాలేజీలో చేరి రోజూ ఆడాలా? ఫుట్‌బాల్ ఆడే నా జూనియర్ అడిగితే, సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పిన. మైదాన్ సినిమా చూసినవాళ్లకు ఆయన తెలుసు.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ యూనివర్సిటీ టీమ్‌కు ఆడారు. తర్వాత బడిలో టీచర్ అయ్యారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటలు చూసుకున్నారు. చదువు కోసం ఆటను గానీ, ఆట కోసం చదువును గానీ వదల్లేదు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్ అయ్యారు. అప్పట్లో పేరంతా కలకత్తా క్లబ్బులదే. అయినా ఈ పోలీసోళ్లు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచారు.

ఇండియా టీమ్‌కూ ఆయనే కోచ్. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఫైనల్లో, తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. అప్పటికే సార్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

జూనియర్‌కు నేను చెప్పింది ఒక్కటే. కాలేజీ పేరు తర్వాత చూడు, ముందు అక్కడ నేర్పేటోళ్లు ఎవరో కనుక్కో.