మూడోసారి పాసైన కుర్రాడు, కాకినాడ ధర్మనిధి: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



మన నాదర్‌గుల్‌లో సుబ్బారావు పేరు వినగానే ఎంవీఎస్‌ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ గుర్తొస్తుంది. 1981లో మొదలైన ఆ కాలేజీకి మాటూరి వెంకట సుబ్బారావు గారి పేరు పెట్టారు. ఈ నెల మనం చెప్పుకునే సుబ్బారావు వేరు. ఆయన ఇంటిపేరు యల్లాప్రగడ. ఆయన పేరు తెలియకపోయినా ఆయన పని మన ఇళ్లలో ఉంది. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలో ఉంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్రలో ఉంది. పిల్లలు జీవశాస్త్రంలో చదివే ఏటీపీ పాఠంలోనూ ఉంది.

ఆయన ఏం కనిపెట్టారో చాలా పుస్తకాలు చెబుతాయి. ఆయన చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఇది స్కాలర్‌షిప్ దరఖాస్తుల గురించి ఆలోచించే కాలం. అందుకే ఈసారి ఆ కోణంలో ఆయన జీవితం చూద్దాం.

మార్కుల జాబితాలో కనిపించని విద్యార్థి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందే వదిలేయాల్సి వచ్చింది. పెద్ద కుటుంబం, చాలని రాబడి. చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద కంటే డబ్బు సంపాదించడం మీదే ధ్యాస ఉండేదట. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి వెళ్లిపోయాడనీ, తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపిందనీ చెబుతారు.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. ఈనాటి స్కాలర్‌షిప్ ఫారాల్లో మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణత అనే గడి ఉంటే ఆయన పేరు అక్కడే ఆగిపోయేది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఖద్దరు గౌనే వేసుకున్నారు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం కోసం ప్రయత్నించినా దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే పనిలో కుదురుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో పోయారు. పేగులు ఆహారాన్ని పట్టుకోలేక, రక్తం పడిపోయి మనిషి క్షీణించిపోయే జబ్బది. అప్పటికి దానికి మందు లేదు. ఆ మందు వెతకాలంటే పరిశోధన నేర్చుకోవాలి. నేర్చుకునే చోటు సముద్రాల అవతల ఉంది.

కాకినాడ నుంచి వచ్చిన మాట

హార్వర్డ్‌లోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటైతే వచ్చింది. స్కాలర్‌షిప్ రాలేదు. సీటు వచ్చీ డబ్బు లేక ఆగిపోవడం ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన ఇంకో పేరు ఉంది: మల్లాడి సత్యలింగం నాయకర్. గోదావరి సముద్రతీరంలో సామాన్య కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్లి వ్యాపారంలో గొప్ప సంపద కూడబెట్టిన మనిషి. ఆ సంపదను చదువులకూ ధర్మకార్యాలకూ రాసిచ్చారు. అలా ఏర్పడినవే కాకినాడలోని ఎంఎస్‌ఎన్ ఛారిటీస్. ఆ పేరుతో విద్యాసంస్థలు కాకినాడలో నేటికీ నడుస్తున్నాయి.

ఆ సంస్థ సుబ్బారావు పై చదువుకు సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగతాది మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చారు. సుబ్బారావుకు 1919లో శేషగిరితో పెళ్లయింది. భార్యను పుట్టింట వదిలి ఓడెక్కి, 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. వయసు 27.

సాయం చేసిన నాయకర్ గారు అప్పటికే కన్నుమూశారు. ఎవరి చదువుకు తన డబ్బు వెళ్తుందో ఆయనకు తెలియదు. ఆ కుర్రాడు రెండుసార్లు మెట్రిక్ తప్పాడని, కులం వేరని, ఊరు వేరని లెక్క చూసే అవకాశమూ ఆయనకు లేదు. ధర్మనిధి గొప్పతనం అదే. ఇచ్చినవారు వెళ్లిపోయినా, తీసుకునేవారి కోసం తలుపు తెరిచే ఉంటుంది.

ఫీజు కట్టాక మిగిలే ఖర్చు

సాయం అందితే కష్టాలు తీరిపోతాయనుకోవడం పొరపాటు. బోస్టన్‌లో దిగేనాటికి సుబ్బారావు చేతిలో మిగిలిన డబ్బు చాలా తక్కువ. ఆయన మెడికల్ డిగ్రీతో అక్కడ ప్రాక్టీసు చేసే వీల్లేదు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి బతికారు. డాక్టర్ చదివిన మనిషి ఆ పని చేశారంటే అది ఆయన పట్టుదలకు గుర్తు. విద్యార్థి తిండికీ గదికీ లెక్క వేయని సాయం ఎంత అసంపూర్ణమో కూడా అదే చెబుతుంది.

ఆ రోజుల్లో అమెరికాలో భారతీయులు పిడికెడు మంది. ఆయన వెళ్లిన మరుసటి ఏడాదే, 1923లో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం మారింది 1946లోనే. అంటే ఆయన శాస్త్రజీవితమంతా దాదాపుగా పరాయి దేశంలో, పరాయివాడిగా, ప్రయోగశాలలో తనలాంటి ముఖం మరొకటి కనిపించని చోట గడిచింది. తర్వాతి కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాలు మైనారిటీ విద్యార్థులను సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీల్లోకి తేవడానికి ప్రత్యేక నిధులు పెట్టడం వెనక ఉన్న సమస్య ఇదే. ప్రతిభ ఉన్నా గది తలుపు దాకా రాలేనివారు కొందరు. వచ్చినా లోపల ఒంటరైపోయేవారు మరికొందరు.

హార్వర్డ్‌లో 18 ఏళ్లు

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా అయ్యాక సుబ్బారావు ఆటో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దాన్ని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు.

ఆ కొలత చేతికొచ్చాక దాంతో కండరాలను పరిశీలించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడిదనే ప్రశ్నకు అప్పటివరకూ ఉన్న సమాధానం తారుమారైంది. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన చేసిన పనిలో కొంత ఫిస్కే వల్ల వెలుగు చూడలేదనీ, దాన్ని ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ, అదే విభాగంలో చదివి తర్వాత నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ అభిప్రాయపడ్డారు. 1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు.

ఎనిమిదేళ్లలో వచ్చిన మందులు

లెడర్లీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి పద్నాలుగేళ్ల ముందు లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్‌లో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని గుర్తించారు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తేలింది. స్ప్రూ జబ్బుకూ అది మందుగా పనిచేసింది. అన్నదమ్ములను పోగొట్టుకున్న పాతికేళ్లకు, వారిని కాపాడగలిగి ఉండే మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

అంతటితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి అవసరమైతే, దానిలాగే కనిపించి దాని పనిని అడ్డుకునే పదార్థం క్యాన్సర్ కణాలను ఆపుతుందా? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి మెరుగు కనిపించింది. ఆ మెరుగు కొన్నాళ్లే నిలిచింది. అయినా అప్పటిదాకా ఆశే లేని జబ్బులో మందుతో వచ్చిన మొదటి విజయం అదే. దానికి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ డాక్టర్లు నేటికీ వాడుతున్నారు.

బోదకాలుకు హెట్రజాన్, అంటే డీఈసీ, 1947లో వచ్చింది. సుబ్బారావు ప్రోత్సాహంతో లెడర్లీలో పనిచేసిన వృద్ధ శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లలో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు, ఇండియాకు తిరిగి రానూ లేదు. శేషగిరి గారు ఆయన్ను మళ్లీ చూడలేదు. వారికి పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఒక మనిషి చదువుకు కుటుంబం ఎంత చెల్లించిందో లెక్క వేసేటప్పుడు ఆమె పేరు కూడా అందులో రాయాలి. 1995లో, శతజయంతి సందర్భంగా, భారత తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

మన ఇంటి ఫారం

ఇప్పుడు మన సంగతి. మా అమ్మాయి టాపర్ కాదు, మా అబ్బాయికి ఒక సబ్జెక్టు పోయింది, ఇలాంటివి మనలాంటివాళ్లకు రావు అనుకుని దరఖాస్తే పెట్టని ఇళ్లు చాలా ఉంటాయి. ఆ ఆలోచనతో 1922లో సుబ్బారావు ఆగిపోయి ఉంటే మనం ఏం కోల్పోయేవాళ్లమో చూశాం.

ఈ రోజు కాకినాడ దాకా వెళ్లనక్కర్లేదు. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, పార్శీ, జైన, బౌద్ధ విద్యార్థులు విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి తెలంగాణ ప్రభుత్వానికి ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి. సాంకేతిక కోర్సుల్లో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ప్యూర్ సైన్స్ డిగ్రీ చదివేవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకంలో ఏడాదికి 80,000 రూపాయల దాకా వస్తాయి. అర్హతలు, ఆదాయ పరిమితి, చివరి తేదీ ఏటా మారవచ్చు కాబట్టి ఆయా పథకాల అధికారిక పోర్టల్‌లోనే చూసుకోండి.

మూడు పనులు ఇప్పుడే మొదలుపెట్టండి. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి. ఆధార్‌లో, మెమోలో, బ్యాంకు ఖాతాలో పిల్లల పేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో చూడండి. ఫీజుతో పాటు హాస్టల్, తిండి, ప్రయాణం ఖర్చు కూడా కాగితం మీద వేసుకుని, ఏ సాయం దేనికి సరిపోతుందో పిల్లలతో కూర్చుని మాట్లాడండి. సుబ్బారావు రాత్రుళ్లు పాత్రలు కడిగింది ఆ రెండో ఖర్చు కోసమే.

స్థోమత ఉన్నవారికి ఒక విన్నపం. మన కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవారిలో చాలామంది ఏదో ఒక ఊరి నుంచి చదువు ఆసరాతో వచ్చినవారే. మీ ఊరి బడిలో సైన్స్ చదవాలనుకునే ఒక్క పిల్లకు ఒక ఏడాది ఖర్చు పెట్టగలరేమో ఆలోచించండి. ఆమె ఏమవుతుందో మనకు తెలియాల్సిన పని లేదు. సత్యలింగం నాయకర్ గారికీ తెలియలేదు.